పెదవి దాటిన ఎరుపు

జూన్ 11, మంగళవారం

రాయమని ఎవరూ చెప్పలేదు. మాట్లాడమని చెప్పారు. నోటికి రానిది చేతికైనా వస్తుందేమోనని రాస్తున్నాను.

తునికాకు కోతల్లో పక్షవాతం వచ్చి పడిపోయింది నా ఇంటామె దుర్గమ్మ. దవాఖానాలో ఉంచి, నయమైనంత నయం చేసి పంపారు. కుడి చెయ్యి కొంచెం కొంచెం లేస్తోంది. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వాకిట్లోకి వస్తోంది. మూతి ఎడమ పక్కకు లాగేసింది. మాట పోయింది. ఉన్న మాటలన్నిటిలోకీ ఒక్కటే మిగిలింది. "ఏంది."

ఆకలైతే ఏంది. దాహమైతే ఏంది. కోడి వంటింట్లో దూరితే ఏంది. నన్ను చూసినా ఏంది.

మాది సరిహద్దు ఊరు, డాక్టరు హిందీలో చెప్పినదంతా నవీన మాకు తెలుగులో చెప్పింది. ఊళ్లో మందుబిళ్లలు పంచే మితానిన్ పిల్ల. "తాతా, మందు సగమే. కడమ సగం మాట. పొద్దుగాల లేచిన కాడ నుంచి అమ్మమ్మతోటి మాట్లాడుతనే ఉండాలె. నువ్వు మాట్లాడితేనే ఆమెకు మాటొస్తది" అంది.

తల ఊపాను.

ఈ ఇంట్లో మాటలన్నీ ఆమెవి. నా వాటా కూడా ఆమే మాట్లాడేది. బోరింగు దగ్గర ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, ఇంట్లోనుంచి ఆమె జవాబు వచ్చేది. నలుగురిలో నోరు తెరవాల్సి వస్తే నా చెయ్యి దానంతట అదే తువాలు అంచు తెచ్చి మూతికి అడ్డం పెడుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్లయి వచ్చిన రోజు ఆడవాళ్లు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పమన్నారు. నేను ఆమె పేరు తువాలుకు చెప్పాను. ఎవరికీ వినబడలేదు. ఆమె నా పేరు, ముసలయ్య అని, వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పింది. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. మొగుడి పేరు చెప్పకూడదు కదా.

రేపటి నుంచి మాట్లాడతాను.

జూన్ 12, బుధవారం

"ఇది చెంబు" అన్నాను.

"ఏంది" అంది.

"చెంబు."

"ఏంది."

ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. చెంబు గురించి ఇంకేం ఉంటుంది. నీళ్లు తాగించి లేచాను. నారుమడి చూసుకోవాలి. పని ఎక్కువగా ఉంది. రేపు మాట్లాడతాను.

జూన్ 13, గురువారం

నారుమడి చూశాను. మొలక బాగానే ఉంది. రేపు.

జూన్ 16, ఆదివారం

నవీన వచ్చి కేకలేసింది. "ఎంత మాట్లాడినవు తాతా ఇయ్యాల?" అని అడిగింది. వేళ్లు చూపించాను. "ఐదు గంటలా?" అంది. ఐదు మాటలు అని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను. దుర్గమ్మ మంచం మీద నుంచి "ఏంది" అంది. చాడీ చెప్పినట్టే ఉంది ఆ ఏంది. నవీనకు అర్థమైపోయింది.

"మాట రాకపోతే పాట పాడు. మాట పోయినోళ్లకు గూడ పాట మిగుల్తదట. ట్రైనింగుల చెప్పిన్రు."

ఫోనులో సినిమా పాట పెట్టింది. దుర్గమ్మ మొహం గోడకు తిప్పుకుంది.

"ఇయ్యి గాదు తాతా, అమ్మమ్మ పాటలు. నాట్లప్పుడు ఎత్తుతది సూడు, నీలిచీర పాట, అది పాడు. ఊరందరికీ వచ్చు, నీకు రాదా?"

"నాకు గొంతు లేదు" అన్నాను.

తువాలు అడ్డం ఉంది కాబట్టి ఆమెకు వినబడలేదు. మళ్లీ అనలేదు.

జూన్ 17, సోమవారం

నాకు నిజంగానే గొంతు లేదు. పాడటం దుర్గమ్మ పని.

నాట్లలో పాట ఎత్తే మనిషి ఒకామె ఉండాలి. ఆమె మూడు ముక్కలు పాడి, చివర్లో, వరుసలోని ఎవరో ఒకరి పేరు పట్టి విసురుతుంది. పేరు పడ్డ మనిషి అక్కడి నుంచి అందుకోవాలి. అందుకోకపోతే పొద్దుగూకేదాకా ఎగతాళే. అట్లా పాట ఆగకుండా ఉంటే నడుము నొప్పి తెలియదు, వరుస వంకర పోదు. మా ఊళ్లో ఆ పాట ఎత్తేది దుర్గమ్మే. తెలుగువాళ్ల ఆడవాళ్లు, దోర్ల తెగ ఆడవాళ్లు అందరూ ఆమె వెనకాలే. ఆ పాటలు ఆమె పుట్టింటివని ఊరి నమ్మకం.

అవి నావి. ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నేను పాడలేదు ఎప్పుడూ. అన్నం తిన్నాక పక్కన కూర్చుని మామూలు మాటలాగే మెల్లగా చెబుతాను. ఆమె వింటూ వింటూ దానికి నడక కట్టేస్తుంది. తెల్లారేసరికి అది ఆమె పాట. నాకు అదే బాగుండేది.

నాకు అవి ఎక్కడివి అంటే, బొమ్మలోని ఆమె దగ్గరివి.

బచేలిలో గనుల కంపెనీ క్వార్టర్లలో తోటపని చేసిన రోజుల్లో ఆ పటం ఒక టీచరమ్మ ఇచ్చారు. ఆంధ్రా నుంచి వచ్చినావిడ. ఉద్యోగం మానేసి వెళ్లిపోతూ, సామాన్లు సర్దుతూ, ఆ బొమ్మ ముందు నేను కుండీ పట్టుకుని నిలబడిపోవడం చూశారు. నేనేమీ అడగలేదు. "నీకే" అన్నారు.

పరాయి దేశం బొమ్మ. కింద ఉన్న అక్షరాలు టీచరమ్మకూ రావు. సాయంత్రం వేళ, మోకాటి లోతు నీళ్లలో ఒకామె నిలబడి ఉంటుంది. నీలి బట్ట. కళ్లు మూసుకుని ఉంటుంది కానీ నిద్ర కాదు. తల్లో తెల్లపూలు. చేతిలో పుస్తకం. ఆ పుస్తకం కాగితాలు ఒక్కొక్కటే ఊడి పైకి లేచి, లేచేకొద్దీ తెల్లపిట్టలై ఎగిరిపోతుంటాయి. "కతలు, పాటలు రాసేవాళ్ల కలలోకి వచ్చే మనిషట. మాట ఇచ్చి పోతుందట" అన్నారు టీచరమ్మ.

రాతి మీద గీసి అచ్చు వేస్తారట. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఎరుపు రాయి పెట్టినప్పుడు వెంట్రుక వాసి జరిగిందట. అందుకని పెదవి గీత ఒక చోట, పెదవి ఎరుపు దాన్ని దాటి పక్కన. తప్పు అచ్చు. టీచరమ్మ ఆ సంగతి నవ్వుతూ చెప్పారు. నాకు తప్పు కనబడలేదు. ఆ ఎరుపు జరగడం వల్లే ఆమె ఏదో అనబోతున్నట్టు ఉంటుంది. ఇన్నేళ్లూ నేను వింటున్నది అదే.

లోపలి గదిలో, ధాన్యం గుమ్మి మీద మేకుకు వేలాడదీశాను. కిటికీ లేని గది. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ కనబడదు.

తునికాకు కోతల తర్వాత నాకు ఒక్క పాట కూడా రాలేదు.

జూన్ 18, మంగళవారం

బొమ్మను గోడవైపుకు తిప్పి పెట్టాను. గోడ చెమ్మగా ఉంది, బొమ్మ పాడవుతుందని.

జూన్ 23, ఆదివారం

తోంగ్‌పాల్ నుంచి ఉపేంద్ర బస్సు దిగాడు. దుర్గమ్మ తమ్ముడు. అక్కంటే ప్రాణం. రెండు కోళ్లు, ఒక బస్తా పనసపండ్లు, బస్సు నిండా సరిపోయే గొంతు తెచ్చాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఏడుస్తూనే నన్ను తిట్టాడు, తిడుతూనే పనసపండు కోశాడు. ఇల్లు చాలా రోజులకు ఇల్లులా ఉంది.

ఉప్పు కోసం లోపలి గదిలోకి ఫోను లైటు వేసుకుని వెళ్లినవాడు వెంటనే బయటకు రాలేదు.

"బావా, గోడకు మొహం పెట్టి ఉన్న ఈ బొమ్మ ఏంది?"

తిప్పి చూశాడు. పట్టుకుని బయటికి వచ్చాడు. అక్క మంచం పక్కన పెట్టి, ఈ మొహం చూసి, ఆ మొహం చూసి, ముఖం నల్లగా చేసుకున్నాడు.

"దీని మూతి చూసినవా? పెదవి ఓ కాడ, ఎరుపు ఓ కాడ. మా అక్క మూతి చూసినవా? గట్లనే పక్కకు పాయె! ఇన్నేండ్ల సంది దీన్ని నెత్తి మీద పెట్టుకోని పండుకుంటున్నరు గద, లాగక ఏమైతది?"

నా దగ్గర జవాబు ఉంది. ఈ మూతి మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఇట్లాగే ఉంది. ఇది ఇట్లా ఉన్నన్నాళ్లూ మీ అక్క నాలుగు మళ్ల అవతలికి వినబడేట్టు పాడింది. ఇదీ జవాబు. గొంతు దాకా వచ్చింది. తువాలు అడ్డం వచ్చింది.

"మాట్లాడవేంది బావా? నీకూ లాగిందా?"

"ఏంది!" అంది దుర్గమ్మ.

"సూడు, అక్క గూడ అదే అంటుంది" అన్నాడు ఉపేంద్ర.

అక్క అన్నది అది కాదు. నాకు తెలుసు. నెల తిరిగేసరికి నాకు ఆమె ఏందిలు తెలిసిపోతున్నాయి. ఆకలి ఏంది చిన్నది, కిందికి దిగుతుంది. నన్ను తిట్టే ఏంది కొసకు పోయేకొద్దీ పైకి లేస్తుంది. ఇది ఆ రెండూ కాదు.

జూన్ 24, సోమవారం

ఉపేంద్ర పొద్దున్నే హడ్మా పూజారి దగ్గరకు పోయాడు. నన్ను కూడా పిలిచాడు. నారుమడి పని ఉంది, వెళ్లలేదు.

వచ్చి చెప్పాడు. నాట్లకు ముందు ఊరి చెడుగునంతా గంపకెత్తి పొలిమేర దాటిస్తాం కదా, ఆ రోజు ఈ బొమ్మ కూడా గంపలో పోవాలట. హడ్మా చూడకుండానే సరే అన్నాడట. "ఇంటాయన తన చేత్తోటే తెచ్చి, తన నోటితోటే చెప్పాలె" అన్నాడట.

"సరేనా బావా?"

తల ఊపాను.

జూన్ 25, మంగళవారం

నా తల చాలా తొందరగా ఊగుతుంది.

జూలై 2, మంగళవారం

వాన పట్టింది. ఉపేంద్ర వాళ్ల ఊరికి పోయాడు, పొలిమేర రోజుకు మళ్లీ వస్తాడు.

మధ్యాహ్నం మంగి వచ్చింది. దోర్ల మనిషి, నాట్ల గుంపులో దుర్గమ్మ తర్వాత ఆమే. ఏ మాటైనా గుచ్చకుండా అనదు, ఏ కష్టానికైనా రాకుండా ఉండదు. చేపలు తెచ్చింది.

"దుర్గక్కా, ఈ ఏడు పాట ఎవరెత్తాలె? నాకు ఎనక పాడుడే అలవాటాయె. రేణుక ఎత్తితే కప్పలు బయటికొస్తయి. ఇగ ఫోను గట్టుమీద పెట్టుకోని నాటుకుందుం, ఏం జేస్తం?" అంది. నా వైపు తిరిగి, "ముసలయ్య బావ ఎత్తుతడేమో అడుగు" అని పకపకా నవ్వింది.

దుర్గమ్మ నవ్వలేదు. ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టడం మొదలుపెట్టింది. ఏంది ఏంది ఏంది. కొట్టింది, ఆగింది, రెండు సార్లు కొట్టింది, ఆగింది. మంగి వెళ్లిపోయాక కూడా కొడుతూనే ఉంది.

చెయ్యి తిమ్మిరి ఎక్కిందేమో. నూనె రాశాను.

జూలై 3, బుధవారం

తిమ్మిరి కాదు. ఈ పుస్తకంలో ఒప్పుకుంటే ఏం పోయింది. అది నీలిచీర పాట నడక.

జూలై 7, ఆదివారం

బొమ్మ తీసి దుమ్ము తుడిచాను. పొలిమేరకు పంపే వస్తువును ఎందుకు తుడవాలో తెలియదు.

వాకిట్లో, వెలుతురులో తుడుస్తుంటే దుర్గమ్మ గోడ పట్టుకుని వచ్చింది. వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు చూసింది. ఎడమ చేతి వేలు ఆ జరిగిన ఎరుపు మీద పెట్టింది. అదే వేలు తెచ్చి తన మూతి మీద పెట్టుకుంది. నన్ను చూసి నవ్వింది. వంకర నవ్వు. అచ్చం ఆమెదే.

నేను లేచి గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్లాను.

మాకు గేదె లేదు.

జూలై 14, ఆదివారం

మెల్లగా రాయాలి. ఒక్కటీ వదలకూడదు.

పొద్దున్నే ఉపేంద్ర వచ్చాడు. అక్కను మోటారుబండి మీద కూర్చోబెట్టి, వెనకాల నవీనను పట్టుకోమని కూర్చోబెట్టి, నడుపుతూ తీసుకుపోయాడు. నేను వెనక నడిచాను. బొమ్మను పాత చీరలో చుట్టి చంకలో పెట్టుకున్నాను. తువాలు మూతికి కట్టేసుకున్నట్టే ఉంది.

తూర్పు పొలిమేర, వాగు ఒడ్డు. ఊరు ఊరంతా వచ్చింది. పెద్ద వెదురు గంప పెట్టారు. ఇంటికి ఒకరు ముందుకు పోవడం, పాడైన వస్తువు ఒకటి గంపలో వేయడం, ఏం పోవాలో పైకి చెప్పడం. నోటితో చెప్పనిది పోదు, అది పద్ధతి. విరిగిన చీపురు వేసి ఒకాయన "కోళ్ల తెగులు పోవాలె" అన్నాడు. చిల్లుపడ్డ చేట వేసి ఒకామె "మిడత పోవాలె" అంది. రేణుక పగిలిన దాక వేసి, "మా ఆయన గురక పోవాలె" అంటే జనం విరగబడి నవ్వారు. వాళ్లాయన, "దీని సణుగుడు పోవాలె" అని రెండోసారి రాబోయాడు. ఇంటికి ఒకటే అని హడ్మా వెళ్లగొట్టాడు.

నా వంతు వచ్చింది.

ఉపేంద్ర వీపు మీద చెయ్యి పెట్టి నెట్టాడు. గంప ముందు నిలబడ్డాను. చీర విప్పాను. మబ్బు పలచబడి కొంచెం ఎండ వచ్చింది. ఆ బొమ్మ అంత వెలుతురు ఎప్పుడూ చూసి ఉండదు. నీళ్ల నీలం, ఎగిరే తెల్లపిట్టలు, ఆ ఎరుపు.

"చెప్పు ముసలా" అన్నాడు హడ్మా. "ఏం పోవాలె? నోరు తెరువు."

నోరు తెరవలేదు. జనం నవ్వడం ఆపేశారు. నా చేతులు బొమ్మను గంప మీదికి వంచుతున్నాయి. తల ఊపినట్టే చేతులు కూడా వాటంతట అవే.

"ఏంది!"

మోటారుబండి మీద నుంచి దుర్గమ్మ.

"ఏమంటుంది ఆమె?" అన్నాడు హడ్మా.

"పారెయ్యమంటుంది" అన్నాడు ఉపేంద్ర.

అప్పుడు నాకు ఏమైందో తెలియదు. ఆమె ఏమన్నదో ఆ ఊరంతటిలో నాకొక్కడికే తెలుసు. నేను చెప్పకపోతే ఆమె అనలేదు అన్నట్టే. నా తరఫున ఆమె జీవితమంతా చెప్పింది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

"వద్దంటుంది" అన్నాను.

తువాలులోనుంచి వచ్చింది. ఎవరికీ వినబడలేదు. తువాలు కిందికి లాగాను.

"వద్దంటుంది. నా ఇంటామె వద్దంటుంది!"

అది నా గొంతేనా అని నేనే వెనక్కి చూశాను. జనం కూడా ఎవరన్నారా అని చూశారు. నోరు తెరిచాక మూయడం రాలేదు.

"ఈ మూతి వచ్చిననాటి సంది గిట్లనే ఉన్నది. అచ్చులోనే జరిగింది. ఇది గిట్ల ఉన్నన్ని దినాలు ఆమె పాడలేదా? మీరు ఎనక పాడలేదా? నీళ్లల్ల నిలుసున్న నీలిచీర అమ్మ, కాగితాలు కొంగలాయె, ఎక్కడిది ఆ పాట? ఎక్కడిది?"

మంగి గుంపులోనుంచి మోచేతులతో తోసుకుంటూ ముందుకు వచ్చింది. బొమ్మ దగ్గరకు వంగి చూసింది.

"ఓ యమ్మా" అంది. "ఏయ్ రేణుకా, ఇటు రాయే. నీళ్లు. నీలిచీర. సూడు, సూడు, కాగితాలు కొంగలైతున్నయి! ఇది పాటల ఉన్నామె గదనే!"

ఆడవాళ్లంతా ఒక్కసారి మీదపడ్డారు. గంప పక్కకు దొర్లింది. "తల్లో పూలు, అయిగో, రెండో ముక్కల పూలున్నయి గద!" "నేను మా అమ్మలెక్క ఉంటదనుకుంటి." "కండ్లు మూసుకున్నది, నిద్రనా?" "నిద్రగాదే, ఆలోచన." ఇన్నేళ్లూ వాళ్లు నడుము వంచి పాడుకున్న మనిషిని మొదటిసారి చూస్తున్నారు. చుట్టం వచ్చినట్టు చూశారు.

"ఈమెను పొలిమేర దాటిస్తే మేం నాట్లేసేది లేదు" అంది మంగి. హడ్మాతోనే అంది.

"పాట కట్టింది ఎవరు మరి?" అంది రేణుక. "దుర్గక్క పుట్టింటిదంటిరి?"

ఉపేంద్ర నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "మా ఇంట్ల ఈ బొమ్మ లేకుండె" అన్నాడు మెల్లగా.

అందరూ నా వైపు తిరిగారు. చెయ్యి తువాలు కోసం వెతికింది. అది మెడ మీద లేదు, చేతిలోనే ఉంది.

"నేనే" అన్నాను.

"నువ్వా!" అంది మంగి. "ఒరి నీ సిగ్గు సల్లగుండ! ఇన్నేండ్లు మా నోట్లల్ల పాడినవా బావా?"

నవ్వులు, అరుపులు. హడ్మా కర్రతో నేలమీద కొట్టాడు. ఆయన నవ్వలేదు. పద్ధతి పద్ధతే. "వచ్చినోడు ఉత్త చేతుల పోరాదు. గంపల ఏదో ఒకటి పడాలె. చెప్పు, నీ ఇంట్ల నుంచి ఏం పోవాలె?"

ఈసారి వెతుక్కోలేదు.

"నా సిగ్గు పోవాలె" అన్నాను.

తువాలు గంపలో వేశాను.

హడ్మా కూడా నవ్వాడు. నల్లటి పళ్లు కనబడ్డాయి. గంప ఎత్తి వాగు దాటించారు. వెనక్కి చూడకూడదు, చూడలేదు. ఉపేంద్ర నా చేతిలోనుంచి బొమ్మను తీసుకున్నాడు, చీర మళ్లీ చుట్టాడు, ఎవరి చెయ్యీ తగలకుండా నెత్తి మీద పెట్టుకుని ఇంటిదాకా నడిచాడు. మోటారుబండి నడపడానికి ఇంకొకరిని పిలవాల్సి వచ్చింది. నేనే పిలిచాను. నోటితో.

జూలై 15, సోమవారం

మెడ చల్లగా ఉంది.

జూలై 16, మంగళవారం

దుర్గమ్మతో మాట్లాడాను. పొలిమేర దగ్గర జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాను. ఆమె అక్కడే ఉంది, అయినా చెప్పాను. ఉపేంద్ర నెత్తి మీద బొమ్మ పెట్టుకుని వాన బురదలో ఎట్లా జారాడో చెప్పినప్పుడు నవ్వింది. ఏంది అంది. తర్వాత చెప్పు అనే ఏంది. అది కొత్తది. ఇంతకు ముందు వినలేదు.

పాడమని మాత్రం అడగలేదు. అడిగి, రాకపోతే?

జూలై 18, గురువారం

ఈ రోజు మా మడికి నాట్లు.

దుర్గమ్మను ఎత్తుకుపోయి గట్టు మీద మంచం వేసి కూర్చోబెట్టాం. పైన నీలం పట్టా కట్టాడు ఉపేంద్ర. నీలమే కావాలని దోర్నపాల్ అంగడిదాకా పోయి తెచ్చాడు. ఆమె పక్కన బొమ్మ కూడా. అది మంగి పట్టుదల. వాన పడకుండా పాలిథిన్ కవరులో పెట్టి తెచ్చాను.

ఆడవాళ్లు చీరలు దోపి మడిలోకి దిగారు. నేను నారుకట్టలు విసురుతున్నాను. విసిరి గట్టు వెంట జరుగుతున్నాను. ఎవరూ నాటడం మొదలుపెట్టలేదు. అందరూ నడుము మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తున్నారు.

"ఏంది?" అన్నాను. ఇంట్లో అలవాటైపోయింది ఆ మాట.

"ఎత్తు" అంది మంగి.

"నాకు గొంతు లేదు."

"సిగ్గు పొలిమేర దాటింది గద, గొంతు గూడ దాని ఎంబడి పాయెనా?"

"మొగోడు ఎత్తితే మడి పండదు" అన్నాను. అట్లాంటి మాట మా ఊళ్లో లేదు. అప్పుడే పుట్టించాను.

"మొగోడు కట్టిన పాటకు ఇన్నేండ్లు ఎట్ల పండింది మరి?" అంది రేణుక.

పారిపోవడానికి గట్టు చాలా సన్నగా ఉంది. చెయ్యి మెడ దగ్గరికి పోయింది, అక్కడ మెడే ఉంది. కళ్లు మూసుకున్నాను. బొమ్మలో ఆమె లాగా. ఎత్తాను.

నీళ్లల్ల నిలుసున్న నీలిచీర అమ్మా
నీ చేతి కాగితాలు కొంగలాయెనే
కొంగలెటు బోయెనో సెప్పుపో...

గొంతు గడ్డి కోసినట్టు ఉంది. కానీ వచ్చింది. ఇక పేరు విసరాలి. మంగి అప్పటికే నోరు తెరిచి సిద్ధంగా ఉంది, తన పేరే వస్తుందని. నేను కూడా ఆమె పేరే అనుకున్నాను. కళ్లు తెరిచాను. ఎదురుగా, నీలం పట్టా కింద, ఎడమ చేత్తో మంచం పట్టె మీద నడక కొడుతూ ఉంది.

కొంగలెటు బోయెనో సెప్పుపో దుర్గమ్మా!

మాట లేని మనిషి మీద పేరు విసరడం. నవీన "తాతా!" అని గొణిగింది. మంగి నన్ను కొట్టేట్టు చూసింది. ఉపేంద్ర చేతిలో నారుకట్ట జారి నీళ్లలో పడింది. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది.

దుర్గమ్మ చెయ్యి ఆగింది. మూతి కదిలింది. ఒకసారి. ఏంది అంటుంది అనుకున్నాను.

చెయ్యి మళ్లీ పట్టె మీద పడింది. ఒక దెబ్బ. రెండు దెబ్బలు.

కొంగలు... మళ్లల్ల దిగెనే అమ్మా

సన్నగా. గరుకుగా. అయినా మాట మాట విడివిడిగా. మడిలో ఎవరో ఏడుపో అరుపో ఒకటి మింగారు.

దిగిన కాడెల్ల నారు పచ్చనాయెనే

ఇది పెద్దగా వచ్చింది. మూతి వంకరే ఉంది, పాట తిన్నగా ఉంది. తల ఎత్తింది. పాత దుర్గమ్మ పాట ఎత్తినప్పుడు ఎట్లా గడ్డం పైకి పెట్టేదో అట్లా పెట్టింది.

పచ్చదనమెవ్వరిదో సెప్పుపో...

పేరు. ఇక్కడ పేరు కావాలి. వరుసలో అందరూ ముందుకు వంగారు. ఎవరిదైనా సరే, ఏ పేరైనా సరే. ఆమె వరుస వైపు చూడలేదు. నా వైపు చూసింది. నవ్వింది.

సెప్పుపో ముసలయ్యా!

నాలుగు మళ్ల అవతలికి వినబడింది.

ఆ తర్వాత రాయడం కష్టం. మంగి బురద చేతులతోనే పోయి ఆమెను పట్టుకుంది. రేణుక, "మొగుని పేరు పెట్టి పిలిసిందమ్మో! ఊరంత సాచ్చెం!" అని చప్పట్లు కొట్టింది. నవీన ఏడుస్తూ ఫోను తీసింది, వీడియో తీయడం మరిచిపోయింది. ఉపేంద్ర మడిలోనే కూర్చున్నాడు, నీళ్లలో, ప్యాంటుతోనే. "అక్కా, నా పేరు గూడ" అంటున్నాడు చిన్నపిల్లవాడిలాగా.

పేరు పడింది కదా. అందుకోకపోతే పొద్దుగూకేదాకా ఎగతాళి. అందుకున్నాను.

మడి పొద్దుగూకకముందే అయిపోయింది. వరుస ఎక్కడా వంకర లేదు.

జూలై 19, శుక్రవారం

పొద్దున లేచి "నీళ్లు కావాలా?" అని అడిగాను. "ఏంది" అంది. నవీన దగ్గరకు పరిగెత్తాను.

నవీన చెప్పింది, అట్లాగే ఉంటుందట. పాటలో మాట వస్తుంది, మాటగా ఇంకా రాదు. పాటలోనుంచి ఒక్కొక్కటి బయటికి తెచ్చుకోవాలట. "తొందరపడకు తాతా."

సరే. చెంబు పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. మంచం పట్టె మీద నడక కొట్టి, చెంబులో ఏమున్నదో సెప్పుపో దుర్గమ్మా అన్నాను.

"నీ-ళ్లు" అంది, నడకలోనే.

నెల కింద చెంబు గురించి ఇంకేం ఉంటుంది అని రాశాను.

జూలై 21, ఆదివారం

బొమ్మను లోపలి గదిలో పెట్టలేదు. వాకిట్లోకి ఎదురుగా, తలుపు పక్కన మేకు కొట్టాను. దోవన పోయే ఆడవాళ్లు ఆగి చూసి పోతున్నారు. ఒకామె పువ్వు పెట్టబోతే మంగి తిట్టింది. "దేవత గాదే, మన పాటలామె" అంది. ఉపేంద్ర పోతూ పోతూ ఆ ఎరుపు దగ్గర నిలబడి, "బావా, ఎరుపు గిట్ల జరిగితేనే బాగున్నది" అన్నాడు.

నిన్న అన్నం తిన్నాక కొత్త పాట వచ్చింది. చాలా రోజులకు. మెల్లగా చెప్పబోయాను. ఆమె చేత్తో నా గడ్డం పట్టి పైకి ఎత్తింది. పాడమని.

ఇంకా నాలుగు ఇండ్ల మళ్లు నాటాల్సి ఉంది. రేపు రేణుక వాళ్లది. మా ఇద్దరినీ రమ్మన్నారు.

ఈ పుస్తకంలో కాగితాలు చాలా మిగిలాయి. పిలుస్తోంది, పోవాలి. పట్టె మీద నడక కొడుతూ, పేరు పెట్టే పిలుస్తోంది.